రెండో ముద్ద

మా పశువుల కొట్టం వెనక గోడకు, నా మోకాలెత్తున, ఒక గుంట పడింది. మట్టిగోడ కదా, ఎలుకల పని అనుకున్నాను. పేడ, మన్ను కలిపి పూడ్చాను. వారం తిరిగేసరికి గుంట మళ్ళీ అక్కడే ఉంది. ఈసారి అంచులు తడిగా, నున్నగా ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే చిన్న చిన్న గాట్లు తగిలాయి. ఎలుక కొరుకుతుంది గానీ నాకదు. ఆ గోడను ఎవరో నాకుతున్నారు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం కుట్టుమిషను ఆపి కొట్టంలోకి వెళ్ళాను. నా కూతురు గోడకు రెండు చేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని, పొదుగు దగ్గర దూడలా నిలబడి ఉంది. ఐదేళ్ళ పిల్ల. నేను పిలిస్తే మెల్లగా తిరిగింది. మూతి చుట్టూ ఎర్రమట్టి.

"నాకు కాదుమా," అంది. "దానికి కావాలంట."

"దేనికి?"

పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది. చీపురుకట్ట తీసుకుని రెండు తగిలించాను. భయం వేస్తే నాకు ముందు కోపం వస్తుంది, నా తత్వమే అంత.

మాది వడమాలపేట నుంచి లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె. కొంచెం మామిడితోపు, రెండు ఆవులు, పాత ఇల్లు. మా ఆయన వ్యాను నడుపుతాడు. అలిపిరి దగ్గర యాత్రికుల్ని ఎక్కించుకుని ఊళ్ళు తిప్పుతుంటాడు, ఇంటికి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. నేను జాకెట్లు కుడతాను. ఇంటి పెత్తనం మా అత్తది. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. అరిచేవాళ్ళతో అరిచి గెలవచ్చు. మెత్తగా చెప్పేవాళ్ళతో ఏం చేస్తాం?

తోపు చివర గట్టు కింద ఒక పుట్ట ఉంది. మా మామ బతికుండగా ఆ గట్టు చదును చేస్తూ అక్కడ ఒక పామును పారతో నరికాడట. అప్పటినుంచి మా ఇంట్లో ఆవు చూలు ఈసుకుపోయినా, పూత రాలిపోయినా, ఎవరికి జ్వరం వచ్చినా కారణం ఆ పామే. మా అత్త ప్రతి మంగళవారం పుట్టలో పాలు పోసి, తడిసిన మన్ను దోసిట్లో తెచ్చేది. ఇంటిల్లిపాదికీ చెవి తమ్మెలకు రాసి, చిటికెడు నాలుక మీద వేసేది. నేను కొంగు చాటున ఉమ్మేసేదాన్ని. నా కూతురు మాత్రం ఆ చిటికెడు కోసం నాలుక చాపుకుని వాకిట్లో కాచుకుని ఉండేది, మిఠాయిలా చప్పరించేది.

"సూడుమే, బిడ్డకు ఎంత భక్తుండాదో," అని మా అత్త మురిసిపోయేది.

గోడ సంగతికి ముందు, వానల్లో పిల్లకు పొడిదగ్గు పట్టింది. తులసిరసం పోశాం, తగ్గింది. ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. తిండి పెరిగింది, తిన్నది ఒంటికి పట్టలేదు. కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం కుండలా ముందుకు వచ్చింది. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా సున్నం కొట్టినట్టుంది. మధ్యాహ్నం పడుకుంటే పళ్ళు కొరికేది. మిషను చప్పుడులో కూడా ఆ చప్పుడు వినిపించేది నాకు, ఎవరో పక్కగదిలో రాయి మీద రాయి నూరుతున్నట్టు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది దాని భోజనం. మొదటి ముద్ద తినేది. రెండో ముద్ద చేతిలో పట్టుకుని తల వంచి, పొట్టతో మాట్లాడేది. "ఆకలా? ఉండు, పెడతా." తర్వాత ఆ ముద్ద మింగి, చెవి రిక్కించి కూర్చునేది. కాసేపటికి "ఊఁ, తినింది" అని తలెత్తేది. ఒకసారి నేను దాని పొట్టకు చెవి ఆనించాను. లోపల ఏదో జారింది. పేగుల చప్పుడే, నాకు తెలుసు. అయినా చెవి వెనక్కి లాక్కున్నాను.

"ఎవరున్నారే లోపల?" అని అడిగాను.

"ఒకరు కాదుమా. మస్తుగా ఉండారు. అందరూ ఒగటే."

బడిలో పిల్లలందరికీ నులిపురుగుల మాత్ర నమిలించిన రోజున మా అత్త దాన్ని బడికి పోనివ్వలేదు. ఆ మాత్ర వేడి చేస్తుందట, పైగా ఆ రోజు మంగళవారం. నేను మెడికల్ షాపులో కొనుక్కొచ్చి వేద్దామనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే పిల్లకు జ్వరం తగిలింది.

జ్వరం ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం, వసారాలో దాన్ని ఒళ్ళో వేసుకుని తడిగుడ్డ వేస్తున్నాను. పిల్ల ఉన్నట్టుండి లేచి కూర్చుని, గొంతు పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసింది. కక్కింది. అన్నం లేదు, నీళ్ళే. ఆ నీళ్ళలోంచి ఒకటి బయటికి వచ్చింది. పెన్సిలు కంటే పొడుగు, పాలలో కాస్త ఎరుపు కలిపిన రంగు, రెండు కొనలూ సన్నం. వానపాము కాదు, దానికి ఉండే మడతలు దీనికి లేవు, నున్నగా ఉంది. నేల మీద మెల్లగా చుట్ట చుట్టుకుంది. ప్రాణంతో ఉంది.

నేను కేక పెట్టాను. మా అత్త వచ్చి చూసి, చేతిలో చెంబు కింద పెట్టి, అక్కడే మోకాళ్ళ మీద కూలబడింది.

"వచ్చేసినావా తల్లీ," అంది, "బిడ్డ కడుపున వచ్చేసినావా."

అరటాకు కోసుకొచ్చి, పసుపు చల్లి, దాన్ని ఆ ఆకు మీదికి ఎక్కించింది. ఊదొత్తి వెలిగించి పుట్ట దగ్గరికి మోసుకుపోయింది. పాలు తీసుకుని తిరిగి వెళ్ళేసరికి ఆకు మీద ఏమీ లేదట. కాకి తన్నుకుపోయి ఉంటుంది అన్నాను. "కాకి కాదుమే. ఆయమ్మ ఇంట్లోకి ఆయమ్మ పోయింది," అంది. సాయంత్రానికి పల్లెంతా తెలిసింది.

అప్పటినుంచి మా వసారా మా వసారా కాదు. ఆడవాళ్ళు తలంటుకుని, కర్పూరం పట్టుకుని రావడం మొదలుపెట్టారు. నా బిడ్డను చాప మీద కూర్చోబెట్టి, నుదుట ఇంత బొట్టు పెట్టి, పాదాలకు పసుపు రాశారు. పక్కూరి నుంచి వచ్చిన ఒకామె దాని ముందు వంగి, "నా కోడలి కడుపు పండుతాదా తల్లీ?" అని అడిగింది. పిల్ల పొట్ట పట్టుకుని "నొస్తాండాది" అంది. ఆమె కళ్ళొత్తుకుంది. "నొప్పులొస్తాయంట, పండుతాదంట," అని అందరికీ చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా, ఆ ఉలిపికట్టెను నేను.

మా అత్త తీర్మానం చేసేసింది. ఆదివారం కాళాస్తిలో పూజ చేయించాలి, అప్పటిదాకా బిడ్డ గడప దాటకూడదు, మందు ముట్టకూడదు, ఒంటికి సూది తగలకూడదు. ఇనుము తగిలితే లోపలున్న ఆయమ్మ తిరగబడుతుందట. మా ఆయనకు ఫోను చేశాను. "అమ్మ సెప్పినట్ల ఇనుమే, పూజకు నేనొస్తా కదా," అని పెట్టేశాడు. పూజ దాకా మందుకు బదులు పుట్టమన్నే మందు. రోజూ పొద్దున ఒక చిటికెడు.

శుక్రవారం పొద్దున పిల్ల పొట్ట గట్టిపడింది. వేలితో తడితే డప్పులా మోగుతోంది. బొడ్డు పక్కన ఏదో ఉండలా, పిండిముద్దలా చేతికి తగిలింది. విరేచనం కాలేదు, గాలి కూడా పోవడం లేదు. కక్కితే ఆకుపసరు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుని, ఏడవడం కూడా మానేసింది. ఏడ్చే పిల్ల ఏడుపు మానితే ఏ తల్లికైనా తెలుస్తుంది. ఆదివారం దాకా ఇది ఉండదని నాకు అర్థమైంది.

భుజాన వేసుకుని లేచాను. మా అత్త గడపకు అడ్డం కూర్చుంది. కొట్టలేదు, తిట్టలేదు. "నా శవం మీద దాటుకోని పోమ్మా," అంది మెత్తగా. వెనక పదిమంది ఆడవాళ్ళు. వాళ్ళలో ఒక్కరికీ నా బిడ్డ మీద చెడ్డ ఉద్దేశం లేదు. అందరూ దాన్ని కాపాడుతున్నామనే అనుకుంటున్నారు. అందుకే చచ్చేంత భయం వేసింది నాకు. దుర్మార్గులైతే కాళ్ళైనా పట్టుకోవచ్చు.

ముల్లును ముల్లుతోనే తియ్యాలి. బిడ్డను చాప మీద పడుకోబెట్టి, కొప్పు విప్పాను. పసుపునీళ్ళ చెంబు ఎత్తి నెత్తిన కుమ్మరించుకున్నాను. ఒళ్ళు ఊపాను. జాతర్లలో పూనకం వచ్చినవాళ్ళను చిన్నప్పటినుంచి చూసినదాన్నే, ఎలా ఊగాలో నాకు తెలుసు.

"ఒసేయ్!" అన్నాను. "నన్ను ఈ గుడిసెలో ఎన్నాళ్ళు కట్టేస్తారే!"

ఆ మాట నాదే. "దారి ఇడవండే! పొద్దు వాలకముందర నన్ను తిరపతి పెద్దాసుపత్రికి తీసకపోండి! తెల్లకోటు చేతుల మీదగానే నేను బయిటికొస్తా!" ఇదీ నాదే, వెతుక్కుని మరీ అన్న మాట. కర్పూరం పొగ ముక్కులోకి ఎక్కింది. ఎవరో హారతి పళ్ళెం మోగించారు. పాదాల కింద నేల చల్లగా, తడిమట్టిలా మెత్తగా తగిలింది, అది సిమెంటు గచ్చు అయినా సరే. ఆ తర్వాత నేనేం అన్నానో నాకు తెలియదు.

తెలివి వచ్చేసరికి మా అత్త నా పాదాల మీద పడి ఉంది. ముఖం బూడిదలా ఉంది. "తీసకపోతామమ్మా, ఇప్పుడే తీసకపోతాము," అంటూ తనే లేచి ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది. నేను నా బిడ్డను ఎత్తుకున్నాను. గొంతు మండుతోంది, బాగా అరిచినట్టున్నాను.

టోల్‌గేటు దాటింది ఆటో. అప్పుడు మా అత్త నా ముఖంలోకి చూడకుండా అడిగింది. "అటక మీద పార సంగతి నీకెవరు సెప్పినారు?"

"ఏ పార?"

"మీ మామ పామును నరికిన పార. గుడ్డ సుట్టి నేనే దాసినా. ఆయనకు గూడా తెలీదు. దాన్ని ఏట్లో పారెయ్యమంటివి కదా."

నాకు ఎవరూ చెప్పలేదు. ఆ అటక మీదికి నేను ఎప్పుడూ ఎక్కలేదు. పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ చల్లటి జెల్లు రాసి స్కానింగు తీసింది. తెరను నా వైపు తిప్పింది. నల్లటి చీకట్లో తెల్లటి జంట గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఎన్నో. చూస్తుండగా అవి కదిలాయి. ఒకటి మెల్లగా ఒత్తిగిలి ఇంకొకదాని కిందికి దూరింది. 'ఒకరు కాదుమా' అని నా కూతురు చెప్పిన మాట గుర్తొచ్చింది.

"ఏలికపాములమ్మా ఇవి," అంది డాక్టరమ్మ. "ముడిపడి పేగుకు అడ్డం పడినాయి. ఇంకా ఆలిస్యం చేసింటే పేగు చచ్చిపోయేది, పొట్ట కోయాల్సొచ్చేది. ఇప్పుడు కూడా కోయక్కర్లేదని మాట ఇవ్వలేను."

పాము అనే మాట వినగానే మా అత్త చేతులు జోడించింది.

నోటికి చుక్క నీళ్ళు ఇవ్వలేదు. ముక్కులోంచి గొట్టం వేసి పొట్టలో ఉన్నదంతా లాగేశారు. చేతికి సెలైను పెట్టారు. వెంటనే మాత్ర వెయ్యండి అని నేను బతిమాలాను. ఇంత గట్టిగా అడ్డం పడినప్పుడు ముందు పేగు సడలాలి, పురుగుల మందు ఆ తర్వాతే అంది. గంటగంటకూ వచ్చి పొట్ట నొక్కి చూసేది. మరుసటి రోజు పొట్ట కాస్త మెత్తబడింది. మధ్యాహ్నం నా కూతురు గట్టిగా గాలి వదిలింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ చప్పుడు విని నేనూ మా అత్తా ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. కోత తప్పింది.

తర్వాత మాత్ర నమిలించారు. అవి బయటికి వచ్చాయి, చాలా వచ్చాయి. మా అత్త బెడ్‌ప్యాను లోకి వంగి చూసింది. దేవతలు అంతమంది ఒక చోట అలా కుప్పగా పడి ఉండరని ఆమెకూ అనిపించి ఉంటుంది.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలన్నిటికీ అవును, అవును అన్నాను. పళ్ళు కొరకడం ఒక్కటే గుర్తు కాదట, అది మామూలు పిల్లలూ చేస్తారట. కానీ పాలిపోవడం, పొట్ట పెరగడం, తిన్నది పట్టకపోవడం, మన్ను తినడం, ఇవన్నీ కలిసి ఉంటే ఆలస్యం చెయ్యకూడదంది. రక్తం తగ్గిన పిల్లలకు మన్ను మీదికి మనసు పోతుందట. ఆ దగ్గు కూడా వాటి పనే కావచ్చట. మనిషి మలంతో గుడ్లు నేలలో పడతాయి, మన్నులో కొన్ని వారాలు ముదురుతాయి, చేతుల మీదుగా నోట్లోకి వస్తాయి. పేగులో పిల్లలై, రక్తంలో పడి, ఊపిరితిత్తుల్లోకి ఎక్కి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మళ్ళీ మింగితే పేగులోకి చేరి పెద్దవవుతాయి. నా బిడ్డ ఒంట్లో అవి అంత తీర్థయాత్ర చేస్తుంటే నేను పక్కగదిలో కాజాలు కుడుతున్నాను.

"ఎక్కడి మన్ను తింటుంది?" అని అడిగింది.

గోడ అనబోయి ఆగిపోయాను. పుట్ట కళ్ళ ముందు కనబడింది. దాని పైనున్న గట్టు మీదికే, కాయలు కోసే కాలంలో కూలివాళ్ళందరూ చెంబు పట్టుకుని వెళ్ళేది. మా ఇంటివాళ్ళమూ అక్కడికే. కట్టించిన మరుగుదొడ్డిలో పిడకలు పేర్చుకున్నాం. వాన పడితే ఆ గట్టంతా కడుక్కుని పుట్ట మొదట్లోకే దిగుతుంది. అక్కడి మన్నునే మొదట వారం వారం, చివరికి రోజూ నా బిడ్డ నాలుక మీద వేశాం, అందులోనూ జబ్బు తగ్గాలని.

మా అత్త నా పక్కనే ఉంది. ఆమెకూ అదే కనబడిందని ఆమె చేతులు చూస్తే తెలిసింది. రెండు అరచేతులూ చీరకు తుడుచుకుంటోంది. ఏమీ లేకపోయినా తుడుచుకుంటూనే ఉంది. ఆ రోజు మొదటిసారి ఆమె మీద నాకు జాలి వేసింది.

ఇంటికి వచ్చాక అందరం మాత్ర నమిలాం. మా ఆయన గునిసాడు గానీ, "ఆయమ్మ మాట" అని తల్లి చెప్పేసరికి నోరు మూసుకుని నమిలాడు. ఆర్నెల్లకోసారి మళ్ళీ వేసుకోవాలి. పిల్లకు గోళ్ళు తీశాను, రక్తం మందు పోస్తున్నాను, చెప్పులు లేకుండా వాకిట్లోకి దిగనివ్వడం లేదు. ఆకుకూర మూడు నీళ్ళు పోసి కడుగుతున్నాను. పిడకలు బయటికి తీసి మరుగుదొడ్డి కడిగింది మా అత్తే. గుడ్డ చుట్టిన పార పట్టుకుని ఏటి వైపు ఒక్కతే వెళ్ళి వట్టి చేతులతో తిరిగి వచ్చింది.

మంగళవారం పాలచెంబు పట్టుకుని నా మిషను దగ్గర నిలబడింది.

"పాలు పొయ్యి, పసుపు పెట్టు అత్తా," అన్నాను. "మన్ను మాత్రం ఇంట్లోకి తేవద్దు."

"ఇది నువ్వు సెప్తాండావా, ఆయమ్మ సెప్తాండాదా?"

"ఎవరు చెప్తే వింటావో వాళ్ళే."

చెంబు పట్టుకుని పుట్ట వైపు వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆమె నా ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చోదు. నేను నటించానని ఎన్నోసార్లు చెప్పబోయాను. పార గుర్తొచ్చి ప్రతిసారీ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాను.

నా కూతురికి ఒళ్ళు పట్టింది. బుగ్గల్లో రంగు వచ్చింది. కొట్టం గోడకు సిమెంటు పూశాం. అన్నీ సర్దుకున్నాయి అనుకున్న ఒక మధ్యాహ్నం, పప్పన్నం కలిపి దాని ముందు పెట్టి నేను పక్కన కూర్చున్నాను. మొదటి ముద్ద తింది. రెండో ముద్ద చేతిలో పట్టుకుని, అలవాటుగా తల వంచింది.

"ఆకలా?" అని అడిగింది. చెవి రిక్కించింది. మళ్ళీ అడిగింది. కింది పెదవి వణికింది.

"పలకలేదుమా," అంది. "ఎవురూ లేరు."

"లేరు తల్లీ. పోయినారు. నీ అన్నం నువ్వే తిను."

తల ఎత్తి నన్ను చూసింది. ముఖాన్ని కాదు, పొట్టను చూసింది. మెల్లగా దాని ముఖం తేటపడింది.

"అవును కదా, ఆ దినం నీ నోట్లోంచి మాట్లాడె," అంది. "నీ కాడికి వచ్చేసినాది."

ముద్ద నా నోటి దగ్గరికి తెచ్చి పట్టుకుంది. వంటింటి గుమ్మంలో మా అత్త కదలకుండా నిలబడి చూస్తోంది.

నేను నోరు తెరిచాను.